పాత సేవ్ తెరిస్తే గేమ్ ఆగిపోవడం: నా అనుభవం

గేమ్‌మేకర్ అనే గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్‌లో చేస్తున్న నా గేమ్‌కి కొత్తగా నాణేలు చేర్చాక, పాత సేవ్ తెరిచి మొదటి నాణెం ఏరగానే ఎర్రర్ వచ్చేది. సేవ్ నుంచి చదివిన నాణేల విలువను సున్నాతో, ఖాళీ స్ట్రింగ్‌తో (అక్షరాలేవీ లేని పాఠం), చివరికి నోవన్‌తో (noone, ‘ఏ వస్తువూ లేదు’ అనే గుర్తు) కూడా పోల్చి చూశాను, లాభం లేదు.

నోవన్ అంటే లోపల -4 అనే అంకె. నా సేవ్ ఉండేది డీఎస్ మ్యాప్‌లో, అంటే ఒక్కో పేరు (కీ) కింద ఒక్కో విలువ దాచే పట్టికలో. అందులో లేని కీ అడిగితే వచ్చేది అన్‌డిఫైన్డ్ (undefined, ‘ఇక్కడ ఏమీ లేదు’ అని చెప్పే ప్రత్యేక విలువ), దాని రకమే వేరు. పాత సేవ్‌లో నాణేల కీ లేదు. రెండు రోజుల టెన్షన్ అంతా ఈ తేడా తెలియకే.

ముందు షో డీబగ్ మెసేజ్ (show_debug_message) ఫంక్షన్‌తో విలువ ప్రింట్ చేశాను, అన్‌డిఫైన్డ్ అనే కనిపించింది. తర్వాత మ్యాప్ నుంచి చదివిన వెంటనే, ఏ కూడికా చేయకముందే, ఈజ్ అన్‌డిఫైన్డ్ (is_undefined) ఫంక్షన్‌తో పరీక్షించి, అవునంటే సున్నా పెట్టాను. ఆ తర్వాతే దాన్ని గేమ్ అంతటా వాడే గ్లోబల్ వేరియబుల్‌లోకి పంపాను. హమ్మయ్య, పాత సేవ్ నడిచింది!

నేను విండోస్‌లోనే చూశాను. మీది అసలు విలువే ఇవ్వని వేరియబుల్ అయితే ఈ పరీక్ష దగ్గరే ఎర్రర్ వస్తుంది, అక్కడ ఇది పనికిరాదు.