లినక్స్‌లో రెయిడ్ – 4వ పాఠం: బూట్ సమయంలో డిస్కులు ఒక్కొక్కటిగా వస్తే

గత పాఠంలో మూడు డిస్కులతో రెయిడ్ 5 అరే (ఒక డిస్కు పోయినా డేటా పోకుండా, ఒకే డిస్కులా కలిసి పనిచేసే డిస్కుల సముదాయం) తయారుచేశాం. యంత్రాన్ని ఆపి మళ్లీ ఆన్ చేసినప్పుడు ఆ అరే ఎలా లేస్తుందో ఇప్పుడు చూద్దాం.

మూడు డిస్కులూ ఒకే క్షణంలో సిద్ధం కావు. ఒక్కో డిస్కు కనబడినప్పుడల్లా కెర్నల్ ఒక ఈవెంట్ పంపుతుంది. దాన్ని అందుకున్న యుడెవ్ (పరికరాలను గుర్తించి చూసుకునే ప్రోగ్రామ్) డిస్కును పరిశీలిస్తుంది. రెయిడ్ సూపర్‌బ్లాక్ (డిస్కు మీద అరే వివరాలు రాసి ఉండే భాగం) దొరికితే, రెయిడ్‌ను నిర్వహించే ఎమ్‌డీఆడ్మ్‌ను ఇంక్రిమెంటల్ (డిస్కులను ఒక్కొక్కటిగా చేర్చే) పద్ధతిలో పిలిచి, ఆ ఒక్క డిస్కును అప్పగిస్తుంది. అది ఏ అరేకు చెందిందో సూపర్‌బ్లాక్‌లోని యూయూఐడీ (అరేకు మాత్రమే చెందిన గుర్తింపు సంఖ్య) చెబుతుంది. కాబట్టి నిన్న ఎస్‌డీబీ అనే పేరుతో ఉన్న డిస్కు ఈరోజు ఎస్‌డీసీ అనే పేరుతో వచ్చినా ఇబ్బంది లేదు.

ఇక అసలు విషయం. మొదటి డిస్కుతో ఏమీ మొదలవదు. రెండోది చేరగానే చిక్కు వస్తుంది: రెయిడ్ 5 రెండు డిస్కులతో నడవగలదు, కానీ ఇంకొకటి పోతే ఆదుకునేది ఉండదు. అందుకే ఎమ్‌డీఆడ్మ్ ఈ స్థితిని ‘అన్‌సేఫ్’ అంటుంది. అది చూసి సిస్టమ్‌డీ (బూట్‌లో సేవలను మొదలుపెట్టే ప్రోగ్రామ్) 30 సెకన్ల టైమర్ పెడుతుంది. ఈలోగా మూడోది వస్తే అరే పూర్తి బలంతో లేస్తుంది, టైమర్ రద్దవుతుంది. రాకపోతే గడువు తీరాక రెండింటితోనే నడిపిస్తుంది.

బూట్ త్వరగా కావాలని ఈ గడువును దయచేసి తగ్గించకండి. అరే రెండు డిస్కులతో నడుస్తూ డేటా రాసిందంటే, వాటి సూపర్‌బ్లాకుల్లోని ఈవెంట్ కౌంటర్ పెరుగుతుంది (కెర్నల్ ఈవెంట్లు వేరు, ఇది వేరు). ఆలస్యంగా వచ్చిన మూడో డిస్కు పాతబడిపోతుంది. దాన్ని తిరిగి చేర్చి సింక్ చేయాలి. బిట్‌మ్యాప్ (ఏ భాగాలు మారాయో గుర్తుంచుకునే పట్టిక) లేకపోతే డిస్కంతా మొదటి నుంచి రాయాల్సిందే. టెరాబైట్ల డిస్కులైతే గంటలు పడుతుంది, అంతసేపూ మీ డేటాకు రక్షణ ఉండదు. కొన్ని సెకన్ల ఆదా కోసం ఇంత ప్రమాదం తలకెత్తుకోవడం తప్పు.

అభ్యాసం: దీన్ని వర్చువల్ మెషీన్‌లోనే చేయండి. అరేను అన్‌మౌంట్ చేసి ఆపండి. ఒక టెర్మినల్‌లో ‘యుడెవ్‌అడ్మ్ మానిటర్’ నడుస్తూ ఉండాలి. మరో టెర్మినల్ నుంచి ఇంక్రిమెంటల్ ఆదేశంతో డిస్కులను ఒక్కొక్కటిగా ఇవ్వండి. ప్రతిసారీ ప్రాక్ డైరెక్టరీలో అరే స్థితిని చూపే ఎమ్‌డీస్టాట్ ఫైలు చూడండి. మూడో డిస్కు ఇచ్చేవరకు అరే ‘ఇన్‌యాక్టివ్’ అనీ, ప్రతి డిస్కు పక్కన బ్రాకెట్లలో ‘ఎస్’ అనీ ఉంటుంది. డిస్కులు స్పేర్‌గా (వాడకుండా పక్కన ఉంచిన అదనపు డిస్కులుగా) మారిపోయాయని కంగారుపడకండి. అరే మొదలవకముందు అన్ని డిస్కులనూ అలాగే చూపిస్తుంది. మూడోది ఇవ్వగానే ‘యాక్టివ్’ అయి, చివర మూడు ‘యూ’లు (ఒక్కో పనిచేస్తున్న డిస్కుకు ఒకటి) కనిపించాలి.

రూట్ ఫైల్ సిస్టమే అరే మీద ఉంటే ఈ పనంతా ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌లోనే (బూట్ మొదట్లో మెమరీలోకి ఎక్కే తాత్కాలిక ఫైల్ సిస్టమ్‌లోనే) జరగాలి. అది 5వ పాఠంలో.