వీ3 తర్వాత ఫర్, ఆఫ్, బికాజ్ ఆఫ్: తప్పు ఎక్కడ వస్తోంది, ఎలా దిద్దుకోవాలి

పాసివ్ వాక్యం బాగానే రాసేవాళ్లు కూడా వీ3 (క్రియ మూడో రూపం: ఫైన్డ్, సెంట్ లాంటివి) దాటాక తడబడతారు. 'హి వాజ్ ఫైన్డ్' వరకు ఏ అనుమానమూ ఉండదు. ఎందుకు ఫైన్ వేశారో చెప్పాల్సి వచ్చేసరికి ఫర్ పెట్టాలా, ఆఫ్ పెట్టాలా, ఆ తర్వాత క్రియ ఏ రూపంలో ఉండాలి అని చెయ్యి ఆగిపోతుంది. ప్రిపొజిషన్ల పట్టికలు బట్టీ పట్టించే పుస్తకాలకు కొదవ లేదు. కానీ పట్టిక కంటే ముందు చూసుకోవాల్సింది మన తెలుగు వాక్యాన్నే అని నా గట్టి నమ్మకం. చేసినందుకు, చేయడానికి, చేయడం వల్ల, చేశాడని: తెలుగు ఈ నాలుగింటినీ విడివిడిగా చెబుతుంది. ఇంగ్లిష్‌లో రాసేముందు ఆ మాట తెలుగులో ఎలా అంటామో ఒక్కసారి అనుకుంటే చాలా తప్పులు అక్కడే ఆగిపోతాయి.

సమస్య 1: 'హి వాజ్ ఫైన్డ్ ఫర్ హి డిడ్ నాట్ వేర్ హెల్మెట్'

కొందరు ఫర్ తర్వాత మొత్తం వాక్యం తెచ్చి పెడతారు, కొందరు 'ఫర్ నాట్ వేర్ హెల్మెట్' అంటారు. రెండూ తప్పే.

కారణం: తెలుగులో 'పెట్టుకోనందుకు' అంటాం. అందులోని 'అందుకు'ను ఫర్ అనుకోవడం సరైనదే. కాకపోతే ఫర్ ప్రిపొజిషన్ కాబట్టి దాని వెనకాల నామవాచకమో, ఐఎన్‌జీ రూపమో ఉండాలి.

పరిష్కారం: 'హి వాజ్ ఫైన్డ్ ఫర్ నాట్ వేరింగ్ ఎ హెల్మెట్'. నాట్ ఎప్పుడూ ఐఎన్‌జీకి ముందే వస్తుంది. ప్రెయిజ్డ్, క్రిటిసైజ్డ్, సస్పెండెడ్, డిస్మిస్డ్, అవార్డెడ్ అన్నీ ఇదే దారి. మెచ్చుకున్నా తిట్టినా తెలుగులో 'చేసినందుకు' వస్తే ఇంగ్లిష్‌లో ఫర్, ఐఎన్‌జీ. 'ఫర్ హావింగ్ కమ్ లేట్' అన్నా తప్పు కాదు గానీ 'ఫర్ కమింగ్ లేట్' సరిపోతుంది.

ఇక్కడే ఇంకో పొరపాటు దొర్లుతుంది. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 194డి సెక్షన్ ప్రకారం హెల్మెట్ లేకపోతే జరిమానా 1000 రూపాయలు. ఈ మొత్తాన్ని చెప్పేటప్పుడు 'ఫైన్డ్ విత్ థౌజండ్ రుపీస్' అనో 'ఫైన్డ్ ఫర్ థౌజండ్ రుపీస్' అనో రాస్తుంటారు. మొత్తం ముందు ఏ ప్రిపొజిషనూ అక్కర్లేదు. 'హి వాజ్ ఫైన్డ్ ఎ థౌజండ్ రుపీస్ ఫర్ నాట్ వేరింగ్ ఎ హెల్మెట్' అంటే చాలు.

సమస్య 2: 'హి వాజ్ అక్యూజ్డ్ ఫర్ థెఫ్ట్'

పోటీ పరీక్షల్లో ఎర్రర్ స్పాటింగ్‌కు (వాక్యంలో తప్పు కనిపెట్టే ప్రశ్నలకు) తరచూ వచ్చే తప్పు ఇది. అరెస్టెడ్ ఫర్, పనిష్డ్ ఫర్ అలవాటైన చెయ్యి అక్యూజ్డ్‌కూ ఫర్ తగిలిస్తుంది.

దీన్ని ఒక్కచోట చూసి నేర్చుకోవాలంటే మన రాజ్యాంగం 20వ అధికరణం తెరవండి. అంతకంటే మంచి పాఠం నాకు కనిపించలేదు. ఉన్నవి మూడే క్లాజులు. మొదటిదాంట్లో 'నో పర్సన్ షల్ బి కన్విక్టెడ్ ఆఫ్ ఎనీ అఫెన్స్' అని ఉంటుంది. రెండోది, ఒకే నేరానికి రెండుసార్లు శిక్ష వేయకూడదనేది: 'నో పర్సన్ షల్ బి ప్రాసిక్యూటెడ్ అండ్ పనిష్డ్ ఫర్ ది సేమ్ అఫెన్స్ మోర్ దాన్ వన్స్'. మూడోది 'నో పర్సన్ అక్యూజ్డ్ ఆఫ్ ఎనీ అఫెన్స్' అని మొదలై, నిందితుణ్ణి తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టకూడదంటుంది. మూడింటిలోనూ అఫెన్స్ ఉంది. కన్విక్టెడ్‌కూ అక్యూజ్డ్‌కూ ఆఫ్ వచ్చింది, పనిష్డ్‌కు ఫర్ వచ్చింది.

ఈ తేడా తెలుగులోనూ ఉంది. దొంగతనం చేశాడని అనుమానించారు, చేశాడని ఆరోపించారు, చేశాడని తేల్చారు: ఇవన్నీ 'అని' మాటలు. వీటికి ఆఫ్: సస్పెక్టెడ్ ఆఫ్, అక్యూజ్డ్ ఆఫ్, కన్విక్టెడ్ ఆఫ్. చేయలేదని తేలిస్తే అక్విటెడ్ ఆఫ్. దొంగతనం చేసినందుకు పట్టుకున్నారు, చేసినందుకు జైల్లో పెట్టారు: ఇవి 'అందుకు' మాటలు. వీటికి ఫర్: అరెస్టెడ్ ఫర్, జెయిల్డ్ ఫర్, పనిష్డ్ ఫర్. ఈ లెక్కకు లొంగనివి రెండున్నాయి, వాటిని మాత్రం గుర్తుపెట్టుకోవాల్సిందే. 'చేశాడని అభియోగం మోపారు' అయినా చార్జ్‌డ్ విత్. 'కారణమని నిందించారు' అయినా బ్లేమ్డ్ ఫర్.

పనిష్డ్ తర్వాత విత్ కనిపించినా కంగారు పడకండి. హత్యకు శిక్ష చెప్పిన ఐపీసీ (భారత శిక్షాస్మృతి) 302లో 'షల్ బి పనిష్డ్ విత్ డెత్, ఆర్ ఇంప్రిజన్‌మెంట్ ఫర్ లైఫ్' అని ఉండేది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలోకి భారతీయ న్యాయ సంహిత 103వ సెక్షన్ వచ్చింది. ఆ విత్ చెప్పేది నేరాన్ని కాదు, పడిన శిక్షను. అందులోని 'ఫర్ లైఫ్' కారణం కాదు, కాలం.

సమస్య 3: 'ట్రెయిన్స్ వర్ క్యాన్సిల్డ్ విత్ హెవీ రెయిన్స్'

ఇది పేపరు భాష తెచ్చిన తంటా. 'భారీ వర్షాలతో రైళ్లు రద్దు' అనే హెడ్డింగు రోజూ చదువుతాం. ఆ 'తో' నిజానికి 'వల్ల'. దాన్ని విత్ అని మారిస్తే వర్షాల్ని కూడా రైళ్లతోపాటు రద్దు చేసినట్టు వినిపిస్తుంది. విత్ వద్దనుకుని 'క్యాన్సిల్డ్ ఫర్ హెవీ రెయిన్స్' అని రాసేవాళ్లూ ఉన్నారు, అదీ కుదరదు.

పరిష్కారం: 'తో' కనబడగానే దాని స్థానంలో 'వల్ల' పెట్టి చూడండి. అర్థం మారకపోతే బికాజ్ ఆఫ్ లేదా డ్యూ టు రాయండి. డిలేడ్, డ్యామేజ్డ్, డిస్ట్రాయ్డ్ లాంటివాటికి బై కూడా చక్కగా నప్పుతుంది: 'ది ట్రెయిన్ వాజ్ డిలేడ్ బై ఫాగ్'. 'వల్ల' సరిపోకపోతే అది నిజమైన విత్: నీళ్లతో నిండింది, ఫిల్డ్ విత్ వాటర్. డ్యూ టు వెనకాల మాత్రం 'హి వాజ్ ఇల్' లాంటి పూర్తి వాక్యం తేవద్దు, 'హిజ్ ఇల్‌నెస్' తేవాలి.

మరి 'క్లోజ్డ్ ఫర్ రిపేర్స్' ఎలా ఒప్పయింది? రిపేర్లు మూతకు ఉద్దేశం. రిపేర్ల కోసం మూశారు, వానల వల్ల మూతపడింది. 'కోసం' ఉంటే ఫర్, 'వల్ల' ఉంటే బికాజ్ ఆఫ్.

మెచ్చుకోలు దగ్గర మాత్రం రెండూ చెల్లుతాయి. సి.వి. రామన్‌కు 1930లో నోబెల్ ఇచ్చినప్పటి ప్రశంసా వాక్యం 'ఫర్ హిజ్ వర్క్ ఆన్ ది స్కాటరింగ్ ఆఫ్ లైట్' అని మొదలవుతుంది. 1913లో రవీంద్రనాథ్ టాగూర్‌కు ఇచ్చినది 'బికాజ్ ఆఫ్ హిజ్ ప్రొఫౌండ్లీ సెన్సిటివ్, ఫ్రెష్ అండ్ బ్యూటిఫుల్ వర్స్' అంటుంది. మనిషి చేసిన పనికి ఫర్ కూడా సరిపోయింది. వానకూ మంచుకూ ఆ వెసులుబాటు లేదు.

సమస్య 4: 'ఐ వాజ్ సెంట్ ఫర్ కలెక్టింగ్ ది సర్టిఫికెట్'

'తీసుకురావడానికి పంపారు' అన్నప్పుడు 'డానికి' ఉంది. మనిషి వెళ్లే పని చెబుతుంటే టు, వీ1 (క్రియ మొదటి రూపం): 'ఐ వాజ్ సెంట్ టు కలెక్ట్ ది సర్టిఫికెట్'. వెనకాల నామవాచకం ఉంటే ఫర్ పనికొస్తుంది: 'సెంట్ ఫర్ ట్రెయినింగ్', 'సెలెక్టెడ్ ఫర్ ది పోస్ట్', 'రిజర్వ్‌డ్ ఫర్ విమెన్'. స్త్రీలకు, పోస్టుకు అని 'కు' వస్తుంది కదా అని టు పెట్టకండి.

వస్తువు దేనికి పనికొస్తుందో చెప్పేటప్పుడు రెండూ ఒప్పే. 'ఎ కత్తిపీట ఈజ్ యూజ్డ్ ఫర్ కటింగ్ వెజిటబుల్స్' అనవచ్చు, 'ఈజ్ యూజ్డ్ టు కట్ వెజిటబుల్స్' అనవచ్చు. వీటిని కలిపేసి 'యూజ్డ్ టు కటింగ్' అంటే మాత్రం అర్థం వేరే దారి పడుతుంది. 'మై మదర్ ఈజ్ యూజ్డ్ టు కటింగ్ వెజిటబుల్స్ ఆన్ ఎ కత్తిపీట' అంటే అమ్మకు అలా తరగడం అలవాటు అని. ఈజ్ తీసేసి 'యూజ్డ్ టు కట్' అంటే ఒకప్పుడు తరిగేది, ఇప్పుడు లేదు అని.

సమస్య 5: 'ఐ యామ్ టయర్డ్ ఆఫ్ వాకింగ్'

నడిచి అలసిపోయాననుకుని రాస్తారు. చదివినవాళ్లకు నడకంటే విసుగొచ్చిందని తెలుస్తుంది. అలసటకు టయర్డ్ ఫ్రమ్, విసుగుకు టయర్డ్ ఆఫ్.

సమస్య 6: 'నోన్ ఫర్ ఇట్స్ చిల్లీస్, మై అంకుల్ లివ్స్ ఇన్ గుంటూరు'

ప్రిపొజిషన్ సరిగ్గానే ఉన్నా వాక్యం కూలిపోయిన సందర్భం ఇది. 'మిర్చికి పేరుపొందిన గుంటూరులో మా బాబాయి ఉంటాడు' అన్నప్పుడు 'పేరుపొందిన' వెళ్లి గుంటూరుకే అతుక్కుంటుంది. తెలుగులో విశేషణం పక్కనున్న పేరును వదలదు. ఇంగ్లిష్‌లో వీ3తో వాక్యం మొదలుపెట్టి కామా పెడితే, అది కామా తర్వాత వచ్చే కర్తకు చెందుతుంది. పై వాక్యంలో మిర్చికి పేరుపొందినది బాబాయి అయ్యాడు. రెండు రకాలుగా దిద్దవచ్చు. గుంటూరునే కర్తగా తెచ్చి 'నోన్ ఫర్ ఇట్స్ చిల్లీస్, గుంటూరు డ్రాస్ ట్రేడర్స్ ఫ్రమ్ మెనీ స్టేట్స్' అనవచ్చు. బాబాయి గురించే చెప్పాలంటే వీ3 ముక్కను ఊరి పేరు వెనక్కి జరపాలి: 'మై అంకుల్ లివ్స్ ఇన్ గుంటూరు, నోన్ ఫర్ ఇట్స్ చిల్లీస్'.