తొలి ఏకాదశికి పండరి దాకా: స్నేహితులతో వారీ నడవబోయేవారికి

నాందేడ్ జిల్లా దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్ తాలూకాలలోని మన తెలుగువారిలో పాండురంగణ్ణి కొలిచే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఈ యేడు మిత్రులతో కలిసి పుణే దగ్గరి ఆళంది నుంచి వారీ, అంటే పండరికి సాగే పాదయాత్ర, నడవాలనుకునేవారి కోసం, అలా నడిచివచ్చిన అనుభవంతో ఇది రాస్తున్నాను. సంత్ జ్ఞానేశ్వరుల పాదుకలుండే పల్లకీ జ్యేష్ఠ బహుళ అష్టమి నాడు ఆళందిలో బయలుదేరి, ఆషాఢ శుద్ధ దశమి నాటికి పండరిపురం చేరుతుంది. దారి సుమారు 250 కిలోమీటర్లు.

అన్నిటికన్నా ముందు ఒక దిండీలో చేరండి. నలుగురు మిత్రులం విడిగా నడుద్దామన్న ఆలోచన సరైనది కాదని నా గట్టి అభిప్రాయం. దిండీ అంటే వీణ పట్టిన ఒకరితో పాటు తాళాలు, మృదంగంతో అభంగాలు (మరాఠీ భక్తి గీతాలు) పాడుతూ వరుసగా సాగే బృందం. ముందుగా చందా కడితే భోజనం, రాత్రి డేరా, సామాను మోసే లారీ, అన్నీ వారే చూస్తారు. పల్లకీ రథానికి ముందు, వెనుక ఏ దిండీ ఎక్కడ నడవాలో సంఖ్యల వారీగా నిర్ణయమై ఉంటుంది కాబట్టి, మీ దిండీ సంఖ్యను చీటీ మీద రాసి ప్రతి ఒక్కరి జేబులోనూ ఉంచండి. జనసముద్రంలో తప్పిపోయినప్పుడు, ఫోన్ పనిచేయకపోయినా, ఆ సంఖ్యే మిమ్మల్ని మీవారి దగ్గరికి చేరుస్తుంది.

పుణే నుంచి సాస్వడ్ వరకు సాగే మజిలీకి శరీరాన్ని ప్రత్యేకంగా సిద్ధం చేసుకోవాలి. అది 30 కిలోమీటర్లకు పైబడిన నడక, మధ్యలో దివే ఘాట్ అనే కొండదారి ఎక్కాలి, పైగా సాధారణంగా ఆ రోజు ఏకాదశి కావడంతో చాలామంది ఉపవాసం ఉంటారు. వేరుసెనగలు, అరటిపళ్లు, సగ్గుబియ్యం ఖిచిడీ వంటివి కొంచెం కొంచెంగా తింటూ నీరు తాగుతుండాలి. మధుమేహం ఉన్నవారు మాత్రం వైద్యుణ్ణి అడగకుండా ఉపవాసానికి పూనుకోకూడదు. రెండు నెలల ముందు నుంచే రోజూ నడవండి. కొత్త చెప్పులతో ఎన్నడూ బయలుదేరవద్దు. వానలో తడిసిన పాదాలకు బొబ్బలు త్వరగా లేస్తాయి కనుక, మజిలీ చేరగానే కాళ్లు కడిగి, పూర్తిగా తుడిచి, కొబ్బరినూనె రాసుకోవాలి.

మీలో నెమ్మదిగా నడిచేవారు ఎవరో మొదటి రోజే గమనించి, వంతులవారీగా ఒకరు వారికి తోడుగా ఉండండి. వారీలో చిన్నా పెద్దా తేడా లేకుండా అందరూ ఒకరినొకరు "మౌలీ" (తల్లీ) అని పిలుచుకొని పాదాలకు నమస్కరిస్తారు. మీరూ సంకోచించకుండా అలాగే చేయండి.

సాయంకాలం మజిలీలో దిండీలన్నీ పల్లకీ చుట్టూ చేరినప్పుడు జరిగే సమాజ హారతికి అలసట సాకుతో వెళ్లకుండా ఉండవద్దు. పల్లకీ వెంట దండం పట్టి క్రమం చూసే చోప్‌దార్ ఆ దండం పైకెత్తగానే అన్ని వేల తాళాలూ ఒక్కసారి ఆగిపోతాయి. ఏదైనా దిండీకి ఫిర్యాదు ఉంటే ఆ దిండీవారు మాత్రం తాళం ఆపరు, అప్పుడు వారి కష్టం విని పరిష్కారం చెబుతారు. అంత జనంలోనూ ఒక చిన్న దిండీ మాటకు చోటుండడం చూసి నా కళ్లు చెమర్చాయి.

తొలి ఏకాదశి నాడు పండరిలో గర్భగుడి దర్శనానికి గంటల తరబడి వరుసలో నిలవవలసి ఉంటుంది. ఓపిక లేనివారు చంద్రభాగ నదిలో స్నానం చేసి, ఆలయ శిఖరానికి చేతులు జోడించినా చాలు. ఎందరో వార్కరీలు (వారీ నడిచే భక్తులు) తరతరాలుగా అలాగే చేసి ఇంటిదారి పట్టారు.