కంద దురద వదిలించడం, వండటం, ఎంత తినాలో లెక్క చూసుకోవడం

కంద కూర వండుకున్న రోజు అన్నం ఒక గరిటె తగ్గించండి. చెప్పదలుచుకున్న అసలు సంగతి ఇదే, మిగతాదంతా ఎలా కొనాలి, ఎలా కోయాలి, ఎలా ఉడకబెట్టాలి అన్న వివరం. మన గోదావరి జిల్లాల్లో కందని బెండకాయ, దొండకాయలతో పాటు కూరల లెక్కలో వేసేసి, కంచం నిండా అన్నంలో కలుపుకుని తినేస్తాం, పైగా "కంద ఒంటికి మంచిదటండి" అంటూ ఇంకో గరిటె వేయించుకుంటాం. మంచిదే, కాదనను. కానీ అది దుంప. 100 గ్రాముల పచ్చి కందలో సుమారు 80 కేలరీలు, 18 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటాయి, అంటే 150 గ్రాముల కంద తిన్నారంటే పిండిపదార్థం లెక్కన దాదాపు 100 గ్రాముల అన్నం తిన్నట్టే. తేడా ఏమిటంటే, తెల్లన్నంలో పెద్దగా కనపడని పీచు ఇందులో ఉంది, పొటాషియం బాగా ఉంది, కొవ్వు లేనట్టే. అందుకే అన్నం మీదకి అదనంగా కాకుండా అన్నంలో కొంత తగ్గించి దాని బదులు తినాలి. షుగర్ ఉన్నవాళ్లకీ ఇదే లెక్క, "దుంప కదా, అసలు ముట్టకూడదేమో" అని టెన్షన్ పడక్కర్లేదు, "కంద కదా, ఎంతైనా తినొచ్చు" అనీ అనుకోకూడదు.

కొనడం దగ్గరికొద్దాం. కోనసీమ కొబ్బరితోటల్లో, లంకల్లో అరటి మధ్యన కంద వేస్తారు, ఆకు పండి కాడ వాలిపోయాక తవ్వుతారు. రైతు పుట్టు అనే పెద్ద తూకం లెక్కన అమ్ముతాడు, మనం సంతలో ముక్క లెక్కన కొంటాం. ఇప్పుడు ఎక్కువగా వచ్చేది గజేంద్ర రకం, మన కొవ్వూరు పరిశోధన స్థానం ఎంపిక చేసిందే, దురద తక్కువ. ముక్క కొంటే మీ ఎదురుగా కోయించుకోండి, కోసిన వైపు తడిగా, గట్టిగా, మచ్చల్లేకుండా ఉండాలి, నల్లబడి మెత్తగా ఉంటే వద్దు. చిన్న దుంప దొరికితే మొత్తం కొనుక్కోవడం మేలు, కడక్కుండా మట్టితోనే గాలి తగిలే నీడన పడేస్తే వారాల తరబడి ఉంటుంది. కోసిన ముక్కని మాత్రం ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో వాడేయండి.

ఇక కోయడం. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంటాం గానీ, కత్తిపీట ముందు కూర్చున్న మనిషికి మాత్రం తప్పకుండా ఉంటుంది. కందలో కాల్షియం ఆక్సలేట్ అనే పదార్థం సన్నని సూదుల్లాంటి స్ఫటికాలుగా ఉంటుంది, అవి చర్మానికి, నాలుకకి గుచ్చుకోవడం వల్లే ఆ దురద. చేతులకి కాస్త కొబ్బరినూనె రాసుకుని, తడి తగలకుండా కోయండి, కడగడం చెక్కు తీశాకే. మొలక ఉన్న గుంట దగ్గర మట్టి దిగబడి ఉంటుంది, అక్కడ మొహమాటపడకుండా లోతుగా చెక్కేయండి. అయినా చేతులు దురదపెడితే తడిపిన చింతపండుతో రుద్దుకుని కడుక్కుంటే తగ్గుతుంది.

ఉడకబెట్టడంలోనే ఎక్కువమంది తొందరపడతారు. ముక్కలు చిన్నవిగా కోసి, రెండు మూడుసార్లు కడిగి, ఎక్కువ నీళ్లలో ఉప్పు, పసుపు, కొంచెం చింతపండు వేసి, ముక్క వేలితో నొక్కితే చితికేదాకా ఉడికించి, ఆ నీళ్లు వార్చేయండి. నీళ్లలో కరిగే ఆక్సలేట్లు వాటితో పోతాయి. వాటితో పాటు కొంత పొటాషియం, సి విటమిన్ కూడా పోతాయి, పోనివ్వండి, సి విటమిన్ కోసం ఎవరూ కంద తినరు, దానికి జామకాయుంది. సగం ఉడికిన ముక్కని వేపుడులో వేసి "నూనెలో వేగుతుందిలే" అనుకోవద్దు, గొంతు పట్టేస్తుంది.

మరి కూరేమిటి అంటే, కందాబచ్చలే, ఇంకో ప్రశ్న లేదు. పెళ్లి భోజనాల్లోనూ కార్తీకమాసం వనభోజనాల్లోనూ పనసపొట్టు కూర పక్కన ఇది లేకపోతే మన వైపు విస్తరి వెలితిగానే ఉంటుంది. పావుకిలో కందకి ఒక కట్ట బచ్చలి, పచ్చిమిర్చి, అల్లం, నిమ్మకాయలో సగమంత చింతపండు గుజ్జు. ఉడికిన కందని గరిటెతో మెదిపి, తాలింపులో బచ్చలి మగ్గాక కలిపి, గుజ్జు పోసి దగ్గరపడనిచ్చి, స్టవ్ కట్టేసి కాస్త చల్లారాక చెంచాడు ఆవాలు నూరిన ముద్ద కలపండి. పొయ్యి మీద ఉండగా ఆవ వేస్తే చేదెక్కుతుంది. కందలో లేనిది బచ్చలి తెస్తుంది, ముఖ్యంగా ఎ విటమిన్‌గా మారే కెరోటిన్, ఫోలేట్. అలా చూస్తే ఈ జత కుదిర్చిన వాళ్లకి దండం పెట్టాలి, వాళ్లు రుచి చూసే కుదిర్చి ఉంటారనుకోండి.

ఒక్క చిక్కుంది. బచ్చలిలోనూ ఆక్సలేట్లు ఎక్కువే. కిడ్నీలో ఆక్సలేట్ రాళ్లు వచ్చినవాళ్లు ఈ కూరని ఎప్పుడో ఒకసారి కొంచెం తినాలి తప్ప వారంవారం కాదు, వండిన రోజు అదే పూట పెరుగన్నం తింటే అందులోని కాల్షియం కొంత ఆక్సలేట్‌ని కడుపులోనే పట్టేసుకుంటుంది. కిడ్నీలు దెబ్బతిని పొటాషియం తగ్గించమని డాక్టరు చెప్పినవాళ్లు ఆయన్ని అడిగాకే కంద జోలికి వెళ్లండి. మొలలకి కంద మంచిదని ఆయుర్వేదంలో ఎప్పటినుంచో వాడుతున్నారు, పీచు వల్ల విరేచనం సాఫీగా అయితే ఉపశమనం ఉంటుంది, అది నిజమే, కానీ రక్తం పడుతుంటే కంద కూర వండుకుంటూ ఇంట్లో కూర్చోకండి, చూపించుకోండి.

కంద వేపుడు, చిప్స్ సంగతి వేరు. నూనె పీల్చాక పైన చెప్పిన 80 కేలరీల లెక్క పనిచేయదు, పిల్లలు మారాం చేస్తే ఉడికించిన ముక్కల్నే పెనం మీద రెండు చెంచాల నూనెతో, ఉప్పూ కారం చల్లి ఎర్రగా కాల్చి పెట్టండి. కందాబచ్చలి మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు మధ్యాహ్నానికి ముగించేయండి, ఆవ ఊరి ఆ పూటకి ఇంకా బావుంటుంది, ఆయ్.