మధ్యాహ్నం వాడి సాయంత్రానికి లేచే మొక్క: నీళ్లు పోసే ముందు వేరు చూడండి

విజయనగరంలో మా కాలనీ ఖాళీ స్థలంలో కొన్ని కుటుంబాలం కలిసి కూరగాయలు, పూలు పెంచుకుంటున్నాం. ఎవరి మడి వాళ్లదే. కుళాయి, పార, బొరిగి, గెత్తం (పశువుల ఎరువు) కుప్ప మాత్రం అందరివీ. ఏటా నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "మాస్టారూ, వంగ మొక్కలు మధ్యాహ్నానికి తల వాల్చేస్తున్నాయి, చల్లబడ్డాక మళ్లీ లేస్తున్నాయి. ఇదేటి?" అడిగేసరికే రెండు బకెట్ల నీళ్లు పోసేసి ఉంటారు. కొందరు యూరియా కూడా వేసేసి ఉంటారు. వేరు చూశారా అంటే మాత్రం చూడలేదంటారు.

ముందు ఈ రెండూ చెయ్యండి

మొదలు పక్కన మట్టిలోకి వేలు రెండు కణుపుల లోతు దించండి. పొడిగా తగిలితే నీళ్లు పొయ్యండి, పని అయిపోయింది. తడి ఉండి కూడా మొక్క వాడుతోందంటే అది నీళ్లు చాలక కాదు. ఇంకా పోస్తే ఉన్న వేళ్లు కూడా కుళ్లుతాయి.

తడి ఉంటే ఒక మొక్కను తవ్వి తీయాలి. పూర్తిగా ఎండిపోయినది కాదు, ఇప్పుడిప్పుడే నీరసిస్తున్నది. చేత్తో పట్టుకుని లాగకండి, సన్న వేళ్లు తెగి మట్టిలోనే ఉండిపోతాయి, మనం చూడాల్సింది వాటినే. చుట్టూ జానెడు వదిలి పారతో మట్టి గడ్డతో సహా లేపి, బకెట్టు నీళ్లలో ముంచి మెల్లగా ఆడించండి. కాపుకొచ్చే మొక్కను తవ్వడానికి ప్రాణం ఒప్పదు, నాకూ ఒప్పేది కాదు. కానీ ఆ ఒక్క మొక్కే మిగతా మడి సంగతి చెబుతుంది.

వేళ్లు నల్లబడి, పట్టుకుంటే తోలు ఊడొస్తే

నీరు నిలిచింది. మడిని ఆరనిచ్చి, బోదె ఎత్తు చేసి, నీళ్లు పోయేలా కాలవ తియ్యండి.

ఆకు పచ్చగా ఉండగానే రెండు మూడు రోజుల్లో మొక్క కూలిపోతే

సాయంత్రానికి కూడా లేవదు, అదే గుర్తు. మొదలు దగ్గర కాండం కోసి, ఆ ముక్క కొసను గాజు గ్లాసులోని మంచినీళ్లలో కదపకుండా వేలాడదీయండి. కాసేపటికి కోసిన చోటి నుంచి పాలలాంటి తెల్లటి తీగ నీళ్లలోకి దిగితే బ్యాక్టీరియా ఎండు తెగులు. దానికి మందు లేదు. మొక్కను మట్టితో సహా తీసి తోట బయట పారేసి, ఆ మడిలో వంగ, టమాటా, మిరప కొన్నేళ్లు మానేయండి.

వేళ్ల మీద బుడిపెలు ఉంటే

నన్ను మూడేళ్లు ఏడిపించింది ఇదే. వేరుబుడిపె నులిపురుగు, నెమటోడ్ అంటారు. మట్టిలో తిరిగే దశలో అర మిల్లీమీటరు కూడా ఉండదు, కంటికి కనిపించదు. వేరులోకి దూరి అక్కడే ఉండిపోతుంది, దాని చుట్టూ వేరు ఉబ్బుతుంది. ఉబ్బిన వేరు నీటిని సరిగా పైకి పంపలేదు. అందుకే ఎండ వేళ మొక్క వాడిపోయి, చల్లబడగానే తేరుకుంటుంది. ఆకు పాలిపోతుంది, ఎదుగుదల ఆగుతుంది, పిందె చిన్నదవుతుంది. పైనుంచి చూస్తే అచ్చం ఎరువు చాలనట్టే ఉంటుంది. నేనూ అలాగే అనుకుని ఎరువు మీద ఎరువు వేశాను.

కడిగిన వేరును చేతివేళ్ల మధ్య పెట్టి మెల్లగా జారవిడవండి. మంచి వేరు దారంలా జారిపోతుంది. జబ్బు వేరు పూసలు గుచ్చినట్టు అడుగడుక్కీ తగులుతుంది. ముదిరితే అల్లం కణుపుల్లా గడ్డలు కడుతుంది. బెండ, వంగ, టమాటాల్లో ఇది బాగా కనిపిస్తుంది. ఒక్క జాగ్రత్త: బొబ్బర్లు, చిక్కుడు వేళ్ల మీద కూడా బొడిపెలుంటాయి, అవి మంచివి, నత్రజనిని పట్టేవి. వేరు పక్కన అంటుకున్నట్టుండి గోటితో గీరితే ఊడొస్తాయి, చిదిమితే లోపల గులాబీ రంగు. నులిపురుగు బుడిపె ఊడదు, ఎందుకంటే అక్కడ ఉబ్బింది ఆ వేరు తానే. ఈ తేడా తెలియక మా తోటలో ఒకాయన నిక్షేపంలాంటి బొబ్బర్ల మడి పీకేశారు.

ఇక అసలు మాట. నారు మార్చాను, పంట మార్చాను, మడిలో కొత్త మట్టి పోయించాను. కొన్నాళ్లు బాగుండేది, మళ్లీ మొదలయ్యేది. ఎప్పుడూ కుళాయికి దగ్గరి మడులే ముందు దెబ్బతినేవి. ఆ సంగతి మూడో ఏడాదికి గానీ నా బుర్రకెక్కలేదు. కుళాయి పక్కన కనకాంబరాలున్నాయి. పైప్ లీకైన నీళ్లూ, బకెట్లు కడిగిన నీళ్లూ ఆ కనకాంబరాల మొదళ్ల మీదుగానే కాలవలో పడి మడుల్లోకి వచ్చేవి.

కనకాంబరాన్ని ఎవరూ అనుమానించరు. రోజూ పూలిస్తుంది, ఆకు కాస్త చిన్నదైనా పాలిపోయినా ముసలి మొక్క అనుకుంటాం. ఒకసారి వేస్తే రెండు మూడేళ్లు తవ్వం. కానీ నులిపురుగుకి అది ఇష్టమైన చోటు. కూరగాయల మడి ఖాళీగా ఉన్న రోజుల్లో కూడా అక్కడ దానికి తిండి ఉంటుంది. ఒక్కో ఆడపురుగు వందల గుడ్లు పెడుతుంది, మన వేడికి నెల తిరక్కుండా కొత్త తరం తయారు. తనంతట తాను ఏడాదికి గజం దూరం మించి పోలేని పురుగును తోటంతా తిప్పింది మా నీళ్లూ, మా పారా.

ఆ మొక్కలు పెంచుతున్న పిన్నిగారిని అడగడానికి వారం రోజులు వెనకాడాను. "పిన్నిగారూ, ఒక్క మొక్క తవ్వి చూస్తాను" అంటే, "పూలు పూసేదాన్ని తవ్వుతావేటి బాబూ" అన్నారు. చివరికి ఒప్పుకున్నారు. కడిగిన వేరు ఆవిడ చేతిలో పెట్టాను. వేలితో తడిమి చూసి, మర్నాడు పొద్దున్నే వరస మొత్తం ఆవిడే పీకించేశారు. అందుకని చెబుతున్నాను, కూరగాయ మడిలో బుడిపెలు కనిపిస్తే తోటలో ఏళ్ల తరబడి కదలని మొక్కల వేళ్లు కూడా అదే రోజు చూడండి.

దీని పరిష్కారం ఒక్క మడితో అవదు. అందరూ ఒకే వేసవిలో చెయ్యాలి. బుడిపెల వేళ్లను ఏరి కాల్చెయ్యండి, గెత్తం కుప్పలో మాత్రం వెయ్యకండి. ఏప్రిల్, మే నెలల్లో మడిని గుల్లగా తవ్వి, తడిపి, పల్చటి పారదర్శక పాలిథిన్ షీటు పరిచి, అంచులు మట్టితో కప్పి నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచండి. నల్ల షీటు కొనకండి, వెలుగు లోపలికి దిగేదే మట్టిని బాగా కాగిస్తుంది. మన దగ్గర మే సాయంత్రాల గాలివానలకి షీటు లేచిపోతుంది, మర్నాడు వెళ్లి సర్దాలి. పై జానెడు మట్టిలోని పురుగు చాలావరకు చస్తుంది, లోతున ఉన్నది బతుకుతుంది. అందుకే అక్కడితో ఆగకూడదు.

జూన్‌లో జనుము చల్లి, 45 రోజులకి పూత దశలో మట్టిలో కలిపెయ్యండి. ఆగస్టు మొదట్లో మడి నిండా బంతి నాటండి. గట్టు మీద నాలుగు మొక్కలు పెడితే లాభం లేదు, బంతి వేరు తాను ఉన్నంత మేరే నులిపురుగును అణుస్తుంది. జానెడు దూరంలో ఒత్తుగా, కనీసం రెండు నెలలు ఉండాలి. దసరాకి, పైడితల్లమ్మ సిరిమాను సంబరానికి దండలకు పూలు మన తోటలోవే అవుతాయి. ఆ తర్వాత మొక్కలను అక్కడే నరికి కలిపేసి, చదరపు మీటరుకు 100 నుంచి 200 గ్రాముల వేపపిండి వేసి, రెండు వారాలు ఆగి వంగ, టమాటా నారు పెట్టుకోండి.

గుళికల మందు వేసేద్దామని ఎవరో ఒకరు అంటారు. వద్దు. పక్క మడిలో తోటకూర ఉంది, దాన్ని ఇంకో ఇంట్లో పిల్లలు తింటారు.

నారు కొంటే కట్టలో ఒక మొక్క వేరు అక్కడే కడిగి చూడండి. మాకు మొదట పురుగు వచ్చింది కొన్న నారుతోనేనని నా నమ్మకం. ఇప్పుడు ట్రేల్లో కొబ్బరిపొట్టు నింపి నారు మేమే పోసుకుంటున్నాం. పార, బొరిగి ఒక మడి నుంచి ఇంకో మడికి వెళ్లే ముందు కడిగి ఎండలో పెట్టాలి. మావి ఎర్ర ఇసుకపాలు నేలలు, ఇలాంటి తేలిక నేలలో ఈ పురుగు బాగా సాగుతుంది. గెత్తం ఎంత బాగా కలిపితే అంత మంచిది.

మిగతావి

వంగలో మొక్కంతా బాగుండి కొమ్మ చివర మాత్రమే వాలితే కాయతొలుచు పురుగు. వాలిన చోటికి రెండంగుళాల కింద తుంచి నలిపెయ్యండి, వారానికి రెండుసార్లు. బెండ ఆకుల్లో ఈనెలు పసుపెక్కితే తెల్లదోమ తెచ్చే వైరస్, ఆ మొక్క పీకేయడమే. చెదలు, ఎలుకలు అని చాలామంది అంటారు, మా తోటలో వాటివల్ల పోయిన మొక్కలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఆనప (సొర) పిందెలు వేలెడైనా కాకుండా పసుపెక్కి రాలితే ఎరువు లోపం కాకపోవచ్చు, పుప్పొడి అందలేదేమో చూడండి. ఆనప పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, పొద్దున తిరిగే తేనెటీగకు అంతగా అందదు. చీకటి పడే వేళ మగపువ్వు కోసి, రేకులు తీసేసి, పిందె ఉన్న ఆడపువ్వు మధ్యలో మెల్లగా రుద్దండి. మూడు రోజుల్లో పిందె కాడ గట్టిపడితే నిలిచినట్టే.