డన్విచ్ హీత్‌కి కుక్కని తీసుకెళ్తున్నారా? మార్చి రాకముందే ఇవి చూసుకోండి

ఇంగ్లాండ్‌లో ఉండే మనవాళ్ళు ఎవరైనా కుక్కతో సఫోక్ తీరంలో డన్విచ్ హీత్ వాక్‌కి ప్లాన్ చేసుకుంటుంటే ఇది ఒకసారి చదవండి. పైన హెదర్, గోర్స్ పొదలు పరుచుకున్న బీడు, దాని అంచున ఇసుక కొండ, కింద గులకరాళ్ళ బీచ్, దక్షిణం వైపు సైజ్‌వెల్ అణు విద్యుత్ కేంద్రం తెల్ల గుమ్మటం, చాలా అందమైన చోటు. కానీ ఎండ కాస్త తగలడం మొదలయ్యాక ఆ పొదల్లోంచి పాములు బయటికొస్తాయి, పక్షులు గుడ్లు పెడతాయి, రెండూ నేల మీదో నేలకి దగ్గరగానో ఉంటాయి కాబట్టి కుక్క ముక్కు సరిగ్గా అక్కడికే వెళ్తుంది. అందుకే అన్నిటికంటే ముఖ్యం లీష్.

ఇలాంటి ఓపెన్ యాక్సెస్ నేలల్లో, అంటే ఎవరైనా వచ్చి నడవొచ్చని తెరిచి ఉంచిన చోట్ల, మార్చి 1 నుంచి జులై 31 దాకా కుక్కని పొట్టి లీష్ మీదే ఉంచాలని 2000లో వచ్చిన చట్టం చెప్తోంది. రెండు మీటర్లకి మించకూడదు, పొడవు కూడా ఫిక్స్‌డ్‌గా ఉండాలి, అంటే బటన్ నొక్కితే సాగే లీష్ పనికిరాదు. గేటు దగ్గర బోర్డు మీద ఇంకా ఎక్కువ రోజులు రాసుంటే అదే పాటించండి.

ఇక పాము సంగతి. బ్రిటన్‌లో సహజంగా ఉండే విషప్పాము యాడర్ ఒక్కటే, మన రక్తపింజరి కుటుంబానిదే, వీపు మీద జిగ్‌జాగ్ గీత ఉంటుంది. చలికాలం నిద్రలోంచి లేచిన కొత్తల్లో ఒళ్ళు వేడెక్కించుకోవడానికి దారి పక్కనే ఎండలో పడుకుంటుంది, అప్పుడది చురుగ్గా కదల్లేదు, కుక్క వెళ్ళి వాసన చూస్తే మూతి మీదో ముందుకాలి మీదో కాటేస్తుంది. దారి మధ్యలో నడిపించండి, పొదల్లోకి బంతి విసరకండి. కుక్క ఒక్కసారి కుయ్యిమని వెనక్కి దూకి, ఆ చోట వాపు మొదలైతే కాటే అనుకోండి. నడిపించకండి, వీలైతే ఎత్తుకోండి, దారిలోనే వెట్‌కి ఫోన్ చేసి వస్తున్నామని చెప్పండి. కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం ఏదీ వద్దు, మన బ్యాగులో ఉన్న ఐబుప్రొఫెన్, పారాసిటమాల్ అస్సలు వేయొద్దు, అవి కుక్కకి విషంతో సమానం. దగ్గర్లో వెట్ ఎక్కడున్నాడో, ఆదివారం ఎమర్జెన్సీ నంబర్ ఏంటో ఇంటి దగ్గరే చూసి సేవ్ చేసుకోండి, అక్కడికెళ్ళాక సిగ్నల్ ఉంటుందన్న గ్యారంటీ లేదు. ఇంకోటి, పాము కనపడగానే కర్ర కోసం వెతకడం మనకి అలవాటు, ఇక్కడ యాడర్‌ని చంపడం నేరం, దాని దారిన దాన్ని పోనివ్వండి.

పక్షుల గురించి కూడా ఆలోచించండి ప్లీజ్. నైట్‌జార్ గూడే కట్టదు, ఉత్త నేల మీద గుడ్లు పెట్టి ఎండు ఆకులా కలిసిపోయి కూర్చుంటుంది, కుక్క లేపేస్తే ఆ గుడ్లు కాకుల పాలు. డార్ట్‌ఫర్డ్ వార్బ్లర్ 1962-63 చలికాలం తర్వాత దేశం మొత్తం మీద పదీ పన్నెండు జంటలకి పడిపోయిన పిట్ట, మళ్ళీ పుంజుకుని ఇక్కడి గోర్స్‌లో గూళ్ళు కడుతోంది. కుక్క పెంట కూడా తీసేయాల్సిందే, హెదర్ బలం లేని నేలలోనే బాగా పెరుగుతుంది, ఎరువు పడితే గడ్డి వచ్చి దాన్ని మింగేస్తుంది.

బీచ్‌లోకి దిగాక కొండకి దూరంగా నడవండి. అది రాయి కాదు, ఇసుక, చెప్పాపెట్టకుండా జారిపోతుంది. 1286 తుఫాను దగ్గర్నుంచి డన్విచ్ ఊరిని సముద్రం తింటూనే ఉంది, ఆల్ సెయింట్స్ చర్చి 1904 నుంచి 1919 మధ్య ముక్కలు ముక్కలుగా కిందికి పోయింది. కాబట్టి కొండ అంచుకి పోవద్దు, కింద నీడగా ఉందని దుప్పటి పరుచుకుని కూర్చోవద్దు, కుక్కని అక్కడ తవ్వనివ్వద్దు. టైడ్ టైమింగ్స్ చూసుకునే దిగండి. ఒడ్డు ఏటవాలు, అల వెనక్కి లాగుతుంది, కుక్క కొట్టుకుపోతున్నట్టు అనిపించినా మీరు మాత్రం దూకకండి, చాలాసార్లు అదే ఈదుకుంటూ బయటికొస్తుంది, 999కి చేసి కోస్ట్‌గార్డ్ కావాలని అడగండి.

తాగే నీళ్ళు, గిన్నె మోసుకెళ్ళండి, దాహానికి ఉప్పునీళ్ళు తాగితే వాంతులు, ఎక్కువైతే ప్రాణం మీదికి వస్తుంది. తుఫాను తర్వాత ఒడ్డుకి కొట్టుకొచ్చే తెల్లటి మైనం ముద్దల్లాంటివి పామాయిల్ గడ్డలు, కుక్కలకి ఆ వాసన మహా ఇష్టం, తింటే జబ్బు పడతాయి. చచ్చిన పక్షుల దగ్గరికీ పోనివ్వద్దు, బర్డ్ ఫ్లూ భయం ఉంది.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకెళ్తే చెప్పులతో కాదు, బూట్లు, పొడుగు సాక్సులతో నడిపించండి. బార్బెక్యూ, సిగరెట్ వద్దు, ఎండిన హెదర్ అంటుకుంటే ఆపడం కష్టం.

కారెక్కే ముందు పిడుదుల కోసం వెతకండి, చెవుల వెనక, చంకల్లో, కాలివేళ్ళ మధ్య వేళ్ళతో తడిమితే చిన్న గింజలా తగులుతుంది. టిక్ హుక్‌తో, అంటే పిడుదుల్ని తీసే చిన్న కొక్కెంతో, మెల్లగా తిప్పుతూ తీయండి, నలపొద్దు, వాజలీన్ పూయొద్దు, కాల్చొద్దు. మీ మోకాళ్ళ వెనక కూడా చూసుకోండి. తర్వాత వారాల్లో మీకు చర్మం మీద ఎర్రటి వలయం పాకుతూ వస్తే జీపీకి, కుక్క కుంటినా జ్వరంతో డల్‌గా పడున్నా వెట్‌కి, హీత్‌లో తిరిగామని చెప్పి మరీ చూపించుకోండి.