బ్లడ్ కీటోన్ రీడింగ్ తేడాగా వస్తోందా? సమస్య - పరిష్కారం

కార్బ్స్ (పిండిపదార్థాలు, చక్కెరలు) బాగా తగ్గించే కీటో డైట్‌లో కాలేయం కొవ్వు నుంచి కీటోన్లనే ఇంధనాన్ని తయారుచేస్తుంది. వేలి రక్తంలో వాటిని చూసే కీటోన్ మీటరు కొలిచేది వాటిలో బీటా హైడ్రాక్సీబ్యూటిరేట్ అనే ఒక్క పదార్థాన్ని. కీటో డైట్ చేసేవాళ్లలో అది లీటరుకు 0.5 నుంచి 3 మిల్లీమోల్స్ మధ్య ఉంటే కీటోసిస్‌లో, అంటే ఒళ్లు కీటోన్లని ఇంధనంగా వాడే స్థితిలో ఉన్నట్టు లెక్క. అంకె అనుకున్నట్టు రాకపోతే చాలామంది వెంటనే తిండిని అనుమానిస్తారు. నన్నడిగితే ముందు స్ట్రిప్‌ని, వేలిని, ఆ తర్వాత గడియారాన్ని అనుమానించాలి. తిండి వంతు చివర్లో వస్తుంది.

సమస్య: మీటరు ఎర్రర్ చూపిస్తోంది

చాలాసార్లు రక్తం చాలకపోవడమే కారణం. కొన్ని మీటర్లలో కీటోన్ స్ట్రిప్‌కి షుగర్ స్ట్రిప్ కన్నా పెద్ద చుక్క కావాలి. చుక్క చాలలేదని కాసేపయ్యాక అదే స్ట్రిప్ మీద ఇంకోటి వేస్తే వచ్చే అంకెను నమ్మలేం. కొత్త స్ట్రిప్ తీయాల్సిందే.

గోరువెచ్చని నీళ్లతో చేతులు కడిగి, తడి లేకుండా తుడుచుకుని, చేయి కాసేపు కిందికి వేలాడదీయండి. రక్తం వేలికొసకి దిగుతుంది. వేలి మధ్యలో కాకుండా పక్కన గుచ్చుకుంటే నొప్పి తక్కువ. వేలిని గట్టిగా పిండితే రక్తంతో పాటు కణజాలంలోని ద్రవం కూడా వచ్చి కలుస్తుంది, రీడింగ్ తప్పుతుంది. స్పిరిట్ రాస్తే అది పూర్తిగా ఆరేదాకా ఆగండి.

సమస్య: అంకె 5 దాటింది, ఒంట్లో మాత్రం ఏ తేడా లేదు

డైట్ మొదలుపెట్టి నాలుగు రోజులు కాలేదు, మీటరు 5.2 అంటోంది, ఇక టెన్షన్ మొదలు. చాలా మీటర్లు షుగర్, కీటోన్ రెండూ చూస్తాయి. ఏ స్ట్రిప్ పెడితే ఆ పరీక్ష చేస్తాయి. షుగర్ యూనిట్ కూడా మిల్లీమోల్స్‌లోనే సెట్ అయి ఉంటే, మామూలు షుగరే 5 చుట్టుపక్కల కనిపిస్తుంది. పొరపాటున పెట్టింది షుగర్ స్ట్రిప్ అన్నమాట. స్క్రీన్ మీద కీటోన్ గుర్తు ఉందో లేదో చూసి, సరైన స్ట్రిప్‌తో మళ్లీ కొలవండి. అప్పుడూ అంతే వస్తే కింద చివరి సమస్యకి వెళ్లండి.

సమస్య: వెంటవెంటనే చూస్తే రెండు రకాల అంకెలు

0.1, 0.2 తేడాని పట్టించుకోకండి, ఇంట్లో వాడే మీటర్లకి అది మామూలే. తేడా అంతకన్నా బాగా ఎక్కువుంటే స్ట్రిప్ ఎక్స్‌పైరీ తేదీ చూడండి. రేకు కవరు ముందే చింపి పెట్టినా, ఎండకో తేమకో వదిలేసినా స్ట్రిప్ పాడవుతుంది. కొన్ని మీటర్లలో కొత్త స్ట్రిప్ పెట్టె తెరిచినప్పుడల్లా కోడ్ మార్చాలి. ఇవన్నీ సరిగ్గా ఉన్నా అనుమానం తీరకపోతే, ఆ కంపెనీ కంట్రోల్ సొల్యూషన్‌తో (ఎంత అంకె రావాలో ముందే తెలిసిన పరీక్ష ద్రవం) ఒకసారి పరీక్షించండి.

సమస్య: కార్బ్స్ బాగా తగ్గించినా 0.5 దాటడం లేదు

ఎక్కువమంది డీలా పడేది ఇక్కడే. మొదట, ఎన్ని రోజులైందో చూడండి. కాలేయంలో నిల్వ ఉన్న గ్లైకోజెన్ అనే చక్కెర రూపం తగ్గి కీటోన్లు పెరగడానికి చాలామందికి రెండు నుంచి నాలుగు రోజులు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ.

తర్వాత, ఏ వేళకి కొలుస్తున్నారు? తెల్లవారుజామున కార్టిసాల్ వంటి హార్మోన్ల వల్ల కాలేయం కొంత గ్లూకోజ్ వదులుతుంది. అందుకే చాలామందికి పొద్దున రీడింగ్ తక్కువగా, సాయంత్రం ఎక్కువగా ఉంటుంది. పొద్దున 0.3 చూసి డైట్ మానేసినవాళ్లు సాయంత్రం భోజనానికి ముందు చూసుకుని ఉంటే బాగుండేది. వారం పాటు ఒకే వేళకి కొలిచి, ఆ అంకెల్ని మాత్రమే పోల్చుకోండి. గట్టి వ్యాయామం చేసిన వెంటనే కొలిచిన అంకెని ఈ లెక్కలో కలపొద్దు. అప్పుడు షుగర్ పెరిగి కీటోన్లు తగ్గొచ్చు, కొన్ని గంటలయ్యాక పెరగనూవచ్చు.

రెండూ సరిచూసుకున్నాకే తిండి సంగతి. సాస్‌లు, డ్రింకులు, సిరప్ మందులు, ప్రొటీన్ పౌడర్లలో దాగిన చక్కెరని లేబుల్ మీద వెతకండి. రోజుకి 50 గ్రాముల కార్బ్స్ సరిపోతాయనుకున్నవాళ్లలో కొందరు 20 దాకా దిగాల్సి రావచ్చు.

నెలల తరబడి డైట్‌లో ఉన్నాక అంకె కాస్త తగ్గితే కంగారు అక్కర్లేదు. రక్తంలో కనిపించేది తయారైన కీటోన్లలోంచి ఒళ్లు ఖర్చుపెట్టినవి పోగా మిగిలినదే. ఎం.సి.టి. ఆయిల్ (కాలేయం త్వరగా కీటోన్లుగా మార్చే నూనె) తాగి అంకె పెంచుకోవచ్చు, కానీ ఆ పెరుగుదల నూనె నుంచి వచ్చింది, మీ ఒంటి కొవ్వు నుంచి కాదు. 2.5 వచ్చినవాళ్లు 0.8 వచ్చినవాళ్ల కన్నా వేగంగా సన్నబడతారనేమీ లేదు. మూర్ఛ చికిత్సకి కీటో చేసేవాళ్ల లక్ష్యం వేరు, అది డాక్టరు చెప్పాలి. 1921లో మేయో క్లినిక్‌కి చెందిన రసెల్ వైల్డర్ ఈ డైట్‌ని ప్రతిపాదించింది మూర్ఛ కోసమే.

సమస్య: మూత్రం స్ట్రిప్ ఒకటి, రక్తం మీటరు ఇంకోటి చెబుతున్నాయి

రెండూ వేర్వేరు పదార్థాల్ని కొలుస్తాయి. మూత్రం స్ట్రిప్ చూసేది అసిటోఅసిటేట్‌ని. పైగా నీళ్లు ఎక్కువ తాగితే రంగు లేతబడుతుంది, తక్కువ తాగితే ముదురుతుంది. రక్తం రీడింగ్‌నే నమ్మండి.

సమస్య: అంకె నిజంగానే 3 దాటింది

ఆరోగ్యంగా ఉన్న మనిషి రెండుమూడు రోజులు ఉపవాసం చేస్తే ఇది జరగొచ్చు. తినడం మొదలుపెడితే దిగుతుంది. కానీ డయాబెటిస్ ఉన్నవాళ్లకి ఇది అత్యవసర పరిస్థితి. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, మత్తు ఉంటే అంకె అంతకన్నా తక్కువున్నా, డయాబెటిస్ లేకపోయినా ఆగొద్దు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు కూడా ఇంట్లో కూర్చుని వేచి చూడకూడదు.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్, కానాగ్లిఫ్లోజిన్ అనే డయాబెటిస్ మాత్రలు వాడేవాళ్లకి షుగర్ మామూలుగా ఉండగానే కీటోఅసిడోసిస్ (కీటోన్లు మితిమీరి రక్తం ఆమ్లంగా మారే ప్రమాదకర స్థితి) రావచ్చు. షుగర్ బాగుందని ధైర్యపడొద్దు, అసలు ఈ మాత్రలు వాడుతూ డాక్టరుకి చెప్పకుండా కీటో మొదలుపెట్టనే కూడదు. మూత్రం స్ట్రిప్ లేతగా ఉందని కూడా ఊరుకోవద్దు, ఈ స్థితిలో అది అసలు తీవ్రతని తక్కువ చేసి చూపగలదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లి, వాడే మందుల పేర్లు, చివరిసారి తిన్న వేళ, కీటో డైట్‌లో ఉన్న సంగతి, షుగర్, కీటోన్ రీడింగులు రెండూ చెప్పండి.